పానకాలరావు అనే బ్యాటరీ

పానకాలరావుకి రేపల్లె బదిలీ అయింది. ఈ ఒక్క ముక్క కాగితం మీద పడటానికి ఆయన ఎన్ని గడపలు తొక్కాడో, ఎంతమంది చేత "చూద్దాంలేవయ్యా" అనిపించుకున్నాడో చెప్పుకుంటూ కూర్చుంటే అదో పెద్ద భారతం. మనకంత ఓపిక లేదు. అయిందంటే అయింది, అంతే.

ఆయన భార్య ఇందుమతి రేపల్లె బడిలో లెక్కలు చెబుతుంది. ఆయనేమో మార్కాపురంలో పాత దస్తావేజుల భద్రతా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లది ఆదివారం కాపురం. శనివారం ఆఫీసవగానే బస్సెక్కి పోవడం, ఆదివారం పొద్దు వాలగానే బస్సెక్కి రావడం. పెళ్లాంతో కంటే ఆ రూటు కండక్టరుతోనే ఆయన ఎక్కువ మాట్లాడి ఉంటాడు. అలాంటి కాపురంలో కూడా దేవుడు చల్లగా చూసి, ఇప్పుడు ఇందుమతికి నెలలు నిండాయి. ఆమెకి తల్లి లేదు, అత్తగారు అసలే లేదు. పక్కింటి పిన్నిగారు కనిపెట్టుకుని ఉంటోంది గానీ, ఆవిడకీ మోకాళ్ల నొప్పులే.

"ఆర్డరు వచ్చిందన్నారుగా, ఇంకా అక్కడేం చేస్తున్నారండీ?" అంది ఇందుమతి ఫోనులో. "బిడ్డ పుట్టి, బారసాల అయి, బళ్లో వేశాక వస్తారా?"

ఆర్డరు కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు కూడా ఉంది. నెలాఖరులోపు కొత్త చోట చేరకపోతే బదిలీ రద్దయి, వరసలో తర్వాతివాడికి పోతుంది. ఆ తర్వాతివాడు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసి, "గురువుగారూ, మీకేమన్నా ఇబ్బందులుంటే మొహమాటపడకండి" అని కుశలం అడిగాడు.

చేరాలంటే ముందు ఇక్కణ్ణుంచి వదలాలి. వదలాలంటే తన పేరున ఉన్న ప్రభుత్వ వస్తువులన్నీ అప్పగించాలి. పానకాలరావు కుర్చీ అప్పగించాడు. తాళాలు అప్పగించాడు. మూత పోయిన జిగురు సీసా కూడా అప్పగించాడు. ఇక మిగిలింది ఒక్కటి: "చేతి వాక్యూమ్ క్లీనరు, త్రాడు లేనిది, పనిచేయు స్థితిలో." త్రాడు లేదన్నది నిజమే. పనిచేయు స్థితి మాత్రం పోయి చాలా కాలమైంది.

ఆ వాక్యూమ్ కథ కాస్త చెప్పాలి. మార్కాపురం పలకల ఊరు. గాలి వీస్తే చాలు, పలకరాతి దుమ్ము కిటికీలోంచి వచ్చి బల్లల మీద కూర్చుంటుంది. పూర్వం దాన్ని చీపురుతో ఊడ్చేవాళ్లు, గుడ్డతో దులిపేవాళ్లు. అంతలో పైవాళ్లకి "నిర్ధూళి" అనే పథకం తట్టింది. ఊడ్చితే దుమ్ము పోదు, లేచి మళ్లీ పడుతుంది, కాబట్టి దాన్ని పీల్చాలి అని కనిపెట్టి, ఆఫీసుకొక చేతి వాక్యూమ్ పంపారు. అదే రోజు చీపుర్లకి వీడ్కోలు సభ జరిపి, శాలువా కప్పి, గోదాములో పెట్టి సీలు వేశారు. శాలువా కప్పింది చీపుర్లకే, నవ్వకండి, ఫోటో ఉంది. ఇక ఎవరైనా గుడ్డ పట్టుకుని కనిపిస్తే మెమో. అసలు త్రాడు లేనిదే ఎందుకంటే, పైన ఒక పెద్దాయన ఎప్పుడో టేబుల్ ఫ్యాను తీగ కాలికి తగిలి బోర్లాపడ్డారు. దాంతో ఈ పథకంలో తీగ అన్న మాటే నిషిద్ధం. మరో నియమం, యంత్రంలో అసలు బ్యాటరీ తప్ప బజారు బ్యాటరీ వాడరాదు.

ఆ అసలు బ్యాటరీ కొన్నాళ్లు పనిచేసి కన్నుమూసింది. అప్పట్నుంచీ ఆఫీసులో దుమ్ము హాయిగా, ఎవరి జోలికీ పోకుండా, బల్లల మీద కాపురం చేస్తోంది.

"సార్, ఇది పనిచేయదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని నన్ను వదిలేయండి సార్," అని పానకాలరావు ఆఫీసరు కోదండపాణి గారిని వేడుకున్నాడు.

కోదండపాణి గారు వేలితో బల్ల మీది దుమ్ములో సున్నా చుట్టారు. ఆలోచనలో పడ్డప్పుడు ఆయన అలవాటది. "పానకాలరావుగారూ! వ్యక్తిగా నాకు తెలుసు. అధికారిగా నాకు తెలియదు. సదరు యంత్రం పనిచేయు స్థితిలో స్వీకరించబడింది, పనిచేయు స్థితిలోనే అప్పగించబడాలి."

"అయితే కొత్త బ్యాటరీ తెప్పించండి సార్."

తయారుచేసిన కంపెనీకి రాశారు. ఆ మోడలు ఆపేశామనీ, దాని బ్యాటరీలు ప్రపంచంలో ఎక్కడా లేవనీ, కొత్త మోడలు చాలా బాగుంటుందనీ బదులొచ్చింది. కొత్తది కొనడానికి వీల్లేదు. పాతదాని ఆయుర్దాయం పదేళ్లని నియమావళిలో ఉంది, అది అయ్యేదాకా యంత్రం చచ్చినా చచ్చినట్టు కాదు.

పానకాలరావు దాన్ని సంచిలో వేసుకుని గడియార స్తంభం దగ్గర మిక్సీలు బాగుచేసే మస్తాను కొట్టుకి పోయాడు. మస్తాను కింద మూత విప్పి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఈ సెల్లులు చచ్చి శానా దినాలైంది సారూ. ఉబ్బి, కారిపోయి ఉండాయి చూడు. మోటారు మాత్రం గట్టిదే. సెల్లులు పీకేసి, ఆ రెండు కొసలకీ బయట్నించి కరెంటిస్తే పరిగెత్తుద్ది."

ముందు ఫోను చార్జరు తగిలించాడు. యంత్రం మూలిగింది, కదల్లేదు. "దీని శక్తి చాల్దు," అని ఎక్కడిదో పాత అడాప్టరు తగిలించాడు. అది వేడెక్కి, గుప్పున పొగ వదిలి, కొట్టంతా కంపు చేసింది. మస్తాను చెయ్యి విదిలించుకుని, తిట్టుకుని, చివరికి ఒక పాడైన లాప్‌టాపు తాలూకు అడాప్టరు తెచ్చి తీగలు కలిపాడు. గుర్రుమంది! బల్ల మీది ఇనుప రజను, బీడీ ముక్క, మస్తాను టీకి ఉంచుకున్న చిల్లర నాణెం, అన్నీ లోపలికి లాగేసింది.

"పనిచేస్తోందయ్యో!" అని పానకాలరావు మస్తానుని కావలించుకున్నంత పని చేశాడు. దారిలోనే ఇందుమతికి ఫోన్ చేసి, "రేపు బస్సెక్కుతున్నా," అన్నాడు.

మర్నాడు ఆఫీసులో ప్లగ్గు పెట్టి, కోదండపాణి గారి బల్ల శుభ్రం చేసి చూపించాడు. దుమ్ము కింద ఆకుపచ్చ రెక్సిన్ ఉందని ఆ రోజే అందరికీ తెలిసింది. కోదండపాణి గారు మాత్రం రెక్సిన్ వైపు చూడలేదు. గోడలోంచి వచ్చి యంత్రంలోకి పోతున్న నల్లటి దాని వైపు చూస్తున్నారు.

"ఇదేమిటి?"

"తీగ సార్."

"అంటే త్రాడు. రిజిస్టరులో ఏముంది? త్రాడు లేనిది. మీరు నాకు త్రాడున్నది ఇస్తున్నారు. ఇది వేరే వస్తువు. ఆవును తోలుకెళ్లినవాడు గేదెను కట్టేసి పోతే ఒప్పుకుంటామా?"

"గేదె అయినా పాలు ఇస్తుంది కదా సార్!"

"పాల సంగతి ఆడిట్ చూస్తుంది," అన్నారాయన.

ఆడిట్ అంటే మాణిక్యాంబ గారు. ఆవిడ ఒంగోలు నుంచి వచ్చారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు ఆ శాఖలో లేరు. ఈలోపు పానకాలరావు ఊరుకోలేదు, తన మోపెడ్ బ్యాటరీ ఊడదీసి తెచ్చి, స్టూలు మీద పెట్టి, మూరెడు తీగతో యంత్రానికి కలిపాడు. కాస్త మందకొడిగా అయినా తిరుగుతోంది. గోడతో సంబంధం లేదు.

మాణిక్యాంబ గారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "తీగ పొడవు తగ్గింది. తీగతనం తగ్గలేదు."

పానకాలరావుకి ఒళ్లు మండింది. "మేడమ్, అసలు బ్యాటరీ ఉన్నప్పుడూ లోపల తీగ ఉండేదండీ! నేను కళ్లారా చూశాను, ఎర్రదొకటి, నల్లదొకటి."

ఆవిడ ఆ మాటని కొట్టిపారేయలేదు. "లోపలి తీగ యంత్రం సొంత విషయం. దాంట్లో శాఖ జోక్యం చేసుకోదు. బయటి తీగ ప్రజా విషయం, దానికి ఎవరి కాలైనా తగలొచ్చు. కాబట్టి శక్తి వనరు, తీగ, యంత్రం, ఈ మూడూ కలిసి ఒకే కదిలే అంగంగా ఉండి, తీగ పైకి కనబడకపోతే, దాన్ని త్రాడు లేనిదిగా పరిగణించడానికి ఆడిట్‌కి అభ్యంతరం లేదు."

మునిగేవాడికి గడ్డిపోచ చాలు. పానకాలరావు మోపెడ్ బ్యాటరీని తువ్వాలుతో వీపుకి కట్టుకున్నాడు. పైన చొక్కా వేసుకున్నాడు. తీగని చొక్కా లోపలి నుంచి, చేతి కింద నుంచి మణికట్టు దాకా తెచ్చి, అక్కణ్ణుంచి అరచేతిలోని యంత్రానికి కలిపాడు. పైకి చూస్తే గూని వచ్చిన మనిషి చేతిలో గుర్రుమంటున్న యంత్రం. తీగ ఎక్కడా లేదు. బీరువాలు, కిటికీలు, కోదండపాణి గారి టోపీ, అన్నీ శుభ్రం చేసి, చెమట తుడుచుకుని నిలబడ్డాడు.

"బ్యాటరీ ఎవరిది?" అన్నారు మాణిక్యాంబ గారు.

బజారు బ్యాటరీ వాడరాదన్న నియమం పానకాలరావుకి అప్పుడు గుర్తొచ్చింది. కోదండపాణి గారు ఆయన చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేశారు. "మేడమ్, బ్యాటరీ నాకైతే కనిపించడం లేదు. పానకాలరావు గారు మాత్రమే కనిపిస్తున్నారు. ఆయన పట్టుకుంటే తిరుగుతోంది, వదిలేస్తే ఆగుతోంది."

"అయితే శక్తి వనరు ఆయనే," అన్నారావిడ. "ఆయన బజారు సరుకు కాదు కదా?"

"కాదండీ. సర్వీసు కమిషను ద్వారా వచ్చిన అసలు సరుకు. సర్టిఫికెట్లన్నీ పరిశీలించాం."

"అసలు బ్యాటరీ మాత్రమే వాడాలన్న నియమం నెరవేరింది," అని మాణిక్యాంబ గారు రిజిస్టరులో రాశారు. వాక్యూమ్ క్లీనరు, త్రాడు లేనిది, పనిచేయు స్థితిలో ఉన్నది. బ్యాటరీ: టి. పానకాలరావు. రాసి సంతకం పెట్టి, ఆవిడ మొదటిసారి నవ్వారు.

పానకాలరావు కూడా నవ్వాడు, పాపం. "అయితే ఇది అప్పగించేస్తున్నాను సార్, తీసుకోండి," అని యంత్రం బల్ల మీద పెట్టాడు. అది ఆగిపోయింది.

కోదండపాణి గారు మీట నొక్కి చూశారు. "మీరు వెళ్లిపోతే ఇది పనిచేయు స్థితిలో ఉండదు. పనిచేయు స్థితిలో లేనిదాన్ని నేను స్వీకరించలేను. మీరు వెళ్లడానికి వీల్లేదు."

"సార్! నేను వెళ్లడానికే కదా సార్ ఇదంతా చేసింది!"

"ఉద్యోగి బదిలీ అవుతాడు. విడిభాగం బదిలీ కాదు," అన్నారు కోదండపాణి గారు, ఎంతో జాలిగా.

ఆ తర్వాత రోజులు పానకాలరావుకి నరకం. ఆయన దుఃఖం ఆయనది, శాఖ ఉత్సాహం శాఖది. ఖర్చు లేకుండా యంత్రాన్ని బతికించిన తీరుకి "మార్కాపురం విధానం" అని పేరు పెట్టారు. చుట్టుపక్కల ఆఫీసుల నుంచి జనం చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లు ఆయనకి నమస్కారం పెట్టడం మానేసి, వెనక్కి తిరగమని, వీపు చూసి, "ఎంతసేపు వస్తుందండీ ఒకసారి నింపితే?" అని కోదండపాణి గారిని అడిగారు. "ఇడ్లీ పెడితే మధ్యాహ్నం దాకా, భోజనం పెడితే సాయంత్రం దాకా," అని ఆయన శాస్త్రీయంగా వివరించారు. ప్రతి ఆఫీసులోనూ తగిన దృఢకాయుణ్ణి బ్యాటరీగా గుర్తించాలని పైనుంచి సర్క్యులరు కూడా వచ్చింది.

పానకాలరావు సెలవు చీటీ పెట్టాడు. భార్యకి కాన్పు దగ్గరపడింది, దయచేసి నాలుగు రోజులు సెలవు ఇప్పించండి అని. అది తిరిగొచ్చింది. "సెలవు ఉద్యోగులకు మాత్రమే వర్తించును. బ్యాటరీని యంత్రం నుండి వేరు చేయరాదు." ఆ శనివారం బస్సు కూడా ఎక్కనివ్వలేదు, పరికరాలు ఆవరణ దాటకూడదట.

ఆఫీసు వెనక గోడ దగ్గర కూలబడి ఇందుమతికి ఫోన్ చేశాడు. అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నెలాఖరు ముంచుకొస్తోంది, ఆ తర్వాతివాడు రేపల్లెలో అద్దె ఇల్లు కూడా చూసుకున్నాడట.

"నువ్వొక్కదానివే ఆస్పత్రికి పోవాలేమో ఇందూ. నేను దేనికీ పనికిరాకుండా పోయా."

"ఏడవకండి. ఏడిస్తే తీగ తడుస్తుంది," అంది ఇందుమతి. లెక్కల టీచరు కదా, చిక్కుముడి చూస్తే వదల్లేదు. "నేనొకటి అడుగుతా చెప్పండి. మీ ఆఫీసులో పనికిరాని బ్యాటరీలని ఏం చేస్తారు?"

"పనికిరాదని కమిటీ రాసిస్తే వేలం వేస్తారు."

"మరింకేం! పనికిరాకుండా పొండి."

సోమవారం పానకాలరావు ఆఫీసరు ముందుకి వచ్చి, తీగ ఊడబెరికి జేబులో పెట్టుకుని, యంత్రం చేత్తో పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. కోదండపాణి గారు మీట నొక్కారు. ఆయన భుజం తట్టారు. నలుగురు కలిసి ఆయన్ని కాస్త ఊపి చూశారు. రెండు ప్లేట్ల ఇడ్లీ, మీద ఒక గారె పెట్టించారు. ఆయన తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, యంత్రం మాత్రం కదల్లేదు.

"ఏమైందయ్యా పానకాలరావూ?" అన్నారు కోదండపాణి గారు ఆందోళనగా.

"బ్యాటరీని మీరు ప్రశ్న అడగొచ్చా సార్?" అన్నాడాయన. అడగడానికి నియమం లేదని తేలింది.

కమిటీ వచ్చింది, మాణిక్యాంబ గారే అధ్యక్షురాలు. ఆయన నాలిక చాపమని చూశారు, కనురెప్ప ఎత్తి చూశారు, అరికాలు తట్టి చూశారు. పాడైన బ్యాటరీని ఆవరణలో ఉంచితే అగ్నిప్రమాదమని భద్రతా నియమం ఒకటి ఉంది. అందువల్ల ఆలస్యం చేయకుండా, "మరమ్మతుకు వీలుకాదు, బ్యాటరీతో సహా వేలం వేయవచ్చు" అని రాసేశారు.

వేలం నెలాఖరు రోజు పొద్దున్నే ఆఫీసు ముందు జరిగింది. విరిగిన కుర్చీలు, తుప్పు బీరువా, ఆ పక్కన చేతిలో వాక్యూమ్ పట్టుకుని, మెడలో చీటీతో పానకాలరావు. పాత ఇనుము గాలెయ్య వచ్చి ఆయన జబ్బ నొక్కి చూశాడు.

"ఏందిది, దీంట్లో సీసం ఎంతుంటది?"

"ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును. లోపలి సరుకుకి హామీ లేదు," అన్నారు కోదండపాణి గారు.

గేటు ముందు ఆటో ఆగింది. నిండు చూలాలు ఇందుమతి, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి పిన్నిగారి భుజం మీద వేసి దిగింది. పానకాలరావు ముందుకు పరిగెత్తబోయాడు. "వేలం వస్తువు కదలరాదు!" అని కోదండపాణి గారు అరిచారు. ఆయన అక్కడే నిలబడి, కళ్లనీళ్లతో పెళ్లాన్ని చూశాడు. ఆవిడ మాత్రం ఆయన వంక చూడలేదు, చూస్తే ధర పెరుగుతుందని.

ఇందుమతి ఒక పాట పాడింది. గాలెయ్య అలవాటు చొప్పున దాని మీద ఇంకో పాట పాడాడు. ఇందుమతి మళ్లీ పాడింది. గాలెయ్య నోరు తెరిచి, ఆవిడ కడుపు వంక, చీటీ వేసుకున్న మనిషి మొహం వంక మార్చి మార్చి చూసి, మూసేసుకున్నాడు. "పోనీలే తల్లా, నువ్వే తోలుకుపో. మాయింట్లో ఒకటుండాది ఇట్టాంటిదే, పనిచెయ్యదు."

రసీదు రాయడంలో చిన్న చిక్కు వచ్చింది. వస్తువుని కొన్నవారికి అప్పగించాల్సిన బాధ్యత సదరు వస్తువు ఎవరి పేరున ఉంటే వారిది. అది పానకాలరావు పేరున ఉంది. కాబట్టి పానకాలరావుని ఇందుమతికి అప్పగించినట్టు పానకాలరావు సంతకం పెట్టాడు. ఆయన పేరున ఇక ఏ ప్రభుత్వ వస్తువూ లేదు కనక, కోదండపాణి గారు ఆ చేత్తోనే ఉద్యోగిగా ఆయన్ని వదిలేస్తున్నట్టు కాగితం రాసిచ్చారు. "మీకు అన్యాయం జరగనిస్తానా?" అన్నారు కూడా.

ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోపే ఆయన రేపల్లెలో చేరాడు. అక్కడి ఆఫీసరు కాగితాలు తిరగేసి, "మీరు ఒక ప్రైవేటు వ్యక్తి కొనుక్కున్న ఆస్తి. యజమాని అనుమతి లేకుండా మిమ్మల్ని వాడుకోలేం," అన్నారు. యజమాని అక్కడే బెంచీ మీద ఆయాసపడుతూ కూర్చుని అనుమతి రాసిచ్చింది. సాయంత్రం అయిదు కాగానే వస్తువును తిరిగి అప్పగించాలి. ఆదివారం వాడరాదు. క్యాంపులకి పంపరాదు. రాసిస్తుండగానే నొప్పులు మొదలయ్యాయి. పానకాలరావు ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. ఆడపిల్ల పుట్టింది. తొలిసారి ఎత్తుకున్నవాడు తండ్రే, అది చాలు వాళ్లకి.

ఈ సంగతి మార్కాపురం చేరింది. బదిలీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు అక్కడ ప్రతి బల్ల దగ్గరా ఉన్నారు. వాళ్లంతా కూడబలుక్కుని, పనికిరాదని రాయించుకుని వేలానికి పోదామని, మర్నాటి నుంచి పని పూర్తిగా మానేసి కదలకుండా కూర్చున్నారు. కమిటీ ఎప్పుడొస్తుందా అని ఇప్పటికీ అలాగే కూర్చుని ఉన్నారు. కమిటీ రాదు. కార్యాలయం ఎప్పటిలాగే సజావుగా నడుస్తున్నదని కోదండపాణి గారు నెలనెలా పైకి నివేదిక పంపుతున్నారు.